కొండ ఎడమచేతి వైపు

సర్వే శాఖలో ముప్పైనాలుగేళ్లు పనిచేసి పదవీ విరమణ పొందిన నాకు, పెనుకొండ కొండ చుట్టూ ఒక పగటి నడకకు దారి గీయడం కష్టమైన పని కాదు. హిందూపురం ఉదయపు నడక సంఘం వారు కోరారు; అంగీకరించాను. మొత్తం పంతొమ్మిది కిలోమీటర్లు. ఉదయం ఆరు గంటలకు కొండ కింది పాత రాజభవనం గగనమహలు ముందు బయలుదేరి, పాత బురుజులూ పాడుబడిన మండపాలూ చూసుకుంటూ, సాయంత్రం అయిదుకు మళ్లీ అక్కడికే చేరాలి. వెళ్లిన దారిన వెనక్కి రాకూడదన్నది నేను పెట్టిన నియమం.

ఒక్కచోటే చిక్కు. కొండ నుంచి సాగిన ఒక గుట్టను దాటాలి. దానికి ఒకవైపు నూట అరవై నాలుగు రాతిమెట్లు, మరొకవైపు ఏటవాలు బండ్లబాట. మెట్లు ఎక్కి బాట దిగేటట్లు గీశాను. నా కుడి మోకాలు ఎక్కనిస్తుంది. మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది. ఈ సంగతి నా భార్య రంగనాయకమ్మకు సైతం తెలియదు. పదిమందిని నడిపించే మనిషి కుంటడం సభ్యత కాదని నా అభిప్రాయం.

శుక్రవారం పెనుకొండలోని మా ఇంటి వసారాలో సమావేశం. హిందూపురంలో బట్టల కొట్టు నడిపే సంఘ కార్యదర్శి ఉమాశంకర్, ధర్మవరంలో పట్టుచీరలు నేయించి అమ్మే మాధవీలత వచ్చారు. మా వీధిలో మేకలు కాసుకునే యల్లక్క, మధ్యాహ్నపు చిత్రాన్నం వండి తెచ్చే ఏర్పాటు మీద, గడప దగ్గర కూర్చుంది. దారి గీసి, నడవవలసిన వైపుకు బాణాలు వేసిన కాగితాలు అందరికీ పంచాను.

యల్లక్క కాగితం వైపు చూడలేదు. "కొండ ఏ చేతికి వస్తాది సారూ?" అని అడిగింది.

"ఎడమచేతికి."

"పైన నరసింహసామి ఉండాడు గదా," అంది యల్లక్క. "సామిని ఎడమచేతికి పెట్టుకోని చుట్టుకొచ్చేది యాడన్నా ఉండాదా? వల్లకాట్లో తిరుగుతారు అట్ల, చితి చుట్టూ."

"ఇది ప్రదక్షిణ కాదు, నడక," అన్నాను. "ఎక్కవలసినదంతా ఉదయపు చల్లదనంలోనే ముగించాలి."

"మీరు చెప్పేది నిజమే సార్," అంది మాధవీలత. "గానీ మా అత్తకు తెలిస్తే నన్ను ఇంట్లోకి రానీదు. నా వెంట మగ్గాలోళ్లు గూడా వస్తాండారు. వాళ్లు అడుగు కదపరు."

ఉమాశంకర్ నవ్వాడు. "దీనికేమి సార్ ఇంత? బాణాలు ఇటు తిప్పితే సరిపాయ. దారి అదే, మెట్లు అవే."

"అప్పుడు మెట్లు దిగవలసి వస్తుంది."

"ఎక్కేదానికంటే దిగేది సులభం గదా సార్."

అందరూ నావైపు చూశారు. మోకాలి మాట ఒక్కటి చెబితే చాలు. చెప్పలేదు. ఎర్ర సిరా కలం తీసి పన్నెండు కాగితాల మీదా బాణాలు నేనే తిప్పి గీశాను.

శనివారం ఉదయం ఒంటరిగా బండ్లబాట ఎక్కి, మెట్లు దిగి చూద్దామని వెళ్లాను. ఇరవై రెండో మెట్టు మీద మోకాలు పట్టేసింది. దిగలేను, ఎక్కలేను. కూర్చుండిపోయాను. కింద ఊరి మిద్దెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కేక వేస్తే ఎవరైనా వస్తారు. వేయలేదు.

గంట తరువాత మేకల వెనుక యల్లక్క వచ్చింది.

"ఈడేం జేస్తాండావు సారూ?"

"విశ్రాంతి."

ఆమె నా కాలి వైపు చూసింది. "మా ముసిలి మేక గూడా ఇట్లే విశ్రాంతి తీసుకుంటాది. లెయ్. కొండకు మొగం పెట్టి, నిచ్చెన దిగినట్ల ఎనక్కి దిగు."

దిగాను. మోకాలు ఎదురు చెప్పలేదు.

"ఎవరితోనూ అనవద్దు," అన్నాను.

"నాకేం పని? రేపు అంతమంది కండ్లముందర ఎట్ల దిగుతావో అది చూసుకో."

ఆదివారం మూడు గంటలకు మెట్ల తలకు చేరాము. నా వెనుక పన్నెండు మంది నిలబడ్డారు. వచ్చిన దారిన మళ్లడానికి లేదు. ఆ నియమం నాదే. నేను కొండకు ముఖం తిప్పి, వెనక్కి ఒక మెట్టు దిగాను.

"ఏం సార్, అట్ల దిగుతాండారు?" అన్నాడు ఉమాశంకర్.

నేను నోరు తెరిచేలోగా మాధవీలత జవాబిచ్చింది. "సామికి వీపు చూపకూడదని. గుళ్లో మనం ఎనక్కి నడిచి రామా? నడక, నడక అంటిరి గానీ, సారుకు భక్తి లోపల ఉండాది." ఆమె చేతులు జోడించి తానూ తిరిగింది. ఆమెను చూసి నేతగాళ్లు తిరిగారు. చివరకు ఉమాశంకర్ కూడా.

ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని యల్లక్క ఒక్కతే మామూలుగా దిగుతోంది. నా పక్కకు వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నిజం చెప్తావా అన్నట్లు కనుబొమలెత్తింది. చెప్పడానికి అప్పటికింకా వ్యవధి ఉంది. నేను మెట్లు లెక్కపెడుతున్నాను. నలభై. నలభై ఒకటి.

"ఇంగ ఏటేటా ఇట్లే జేద్దాం సార్," అన్నాడు ఉమాశంకర్ పైనుంచి. "వచ్చే ఏడు నూరుమందిని తెస్తా. ముందర మాత్రం మీరే."

"అలాగే," అన్నాను, కాలితో తరువాతి మెట్టును వెతుక్కుంటూ.