తమ్ముణ్ణి లోపల్నుంచి కడిగిన అక్క

ఆపరేషన్ పనిముట్లను ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేసే పని ఆవిడది. పదహారేళ్లుగా ఆసుపత్రి కింది అంతస్తులోని ఆ గదే లోకం. చేతులు కడిగీ కడిగీ వేళ్లు పగిలాయి. ఇంట్లో గ్లాసు మీద మరక కనిపిస్తే ఇల్లు పీకి పందిరేసేది. అందరూ ముఖం మీదే ‘శుభ్రమ్మ’ అనేవారు. ఆవిడకు అదో బిరుదు.

అలాంటి మనిషి తమ్ముడికి, ఆవిడ శుద్ధి చేసిన పనిముట్లతోనే వెన్నుకు ఆపరేషన్ జరిగింది. ఆరో రోజుకల్లా గాయానికి చీము పట్టింది. మందులు ఒక్కొక్కటీ చేతులెత్తేశాయి. నర్సులు ఆవిడ కనిపిస్తే మాట మార్చేస్తున్నారు. తన చేత్తోనే తమ్ముణ్ణి చంపుకుంటున్నానేమోనని ఆవిడ ఆపరేషన్ రోజు శుద్ధి చేసిన పనిముట్ల పెట్టెల లెక్కంతా తిరగేసింది. వేడి సరిపోయింది, శుద్ధి పూర్తయిందని చూపే టేపుల రంగు మారింది. ఎక్కడా తప్పు దొరకలేదు.

సాయంత్రం డాక్టరే ల్యాబ్ కాగితంతో ఆ గదికి వచ్చాడు.

“మీ పనిముట్లలో దోషం లేదమ్మా. గాయంలో ఉన్న క్రిమి, అతని పేగుల్లో ఉన్న క్రిమి ఒకటే. అక్కణ్ణుంచే రక్తంలోకి దిగి ఉంటుంది.”

ఆవిడ కుర్చీలో కూలబడి, “బతికించారు సార్” అంది.

“మామూలుగా కడుపులోని మంచి సూక్ష్మజీవులు ఇలాంటిదాన్ని తలెత్తనివ్వవు. ఇతనికి అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆపరేషన్‌కి ముందు యాంటీబయాటిక్స్ ఏమైనా వాడాడా?”

వాడాడు. పది రోజులు, పూటకో మాత్ర, ఎవరికీ చెప్పకుండా ఆవిడే మింగించింది. పనిముట్లలాగే మనిషినీ లోపల్నుంచి శుద్ధి చేసి పంపాలనుకుంది. కడుపు పాడవుతోందే అని వాడు మొత్తుకుంటే, “నోర్మూసుకుని మింగరా” అంది.

ఉన్నదున్నట్టు చెప్పేసింది. డాక్టర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“ఇంకొక్క మందే మిగిలింది. చూద్దాం” అన్నాడు. ఆ ‘చూద్దాం’ విన్నాక ఇంటికి నడిచి వెళ్లినవాళ్లను ఆవిడ పెద్దగా చూడలేదు.

నిజం చెప్పి కాళ్లు పట్టుకుందామని తమ్ముడి మంచం దగ్గరికి వెళ్లింది. వాడు వణుకుతూనే నవ్వాడు.

“నీ పనిముట్లలో తప్పేం లేదంటగా! నేను ముందే చెప్పలా?” అని, పక్క మంచం ఆయనవైపు తల తిప్పాడు. “మా అక్క ముందే మాత్రలు వేసింది కాబట్టి ఈమాత్రం ఉన్నానండీ. లేకపోతే ఈపాటికి పోయేవాణ్ణే.”

ఆవిడ వాడి కాళ్ల మీద దుప్పటి సర్దింది.

“ఇంట్లో ఇంకా మిగిలాయేమో చూడక్కా. ఉంటే తెచ్చి వెయ్యి. ఈసారి పేచీ పెట్టను” అన్నాడు వాడు.