పెసర కాలికి కప్పిన శాలువా

నేను ఒక సన్మాన శాలువాను. మెరిసే అంచు చూసి పట్టు అనుకునేరు, మరమగ్గం మీద పుట్టిన నైలాను గుడ్డని. చలి ఆపలేను, తడి తుడవలేను. ఫొటో తీసేంతసేపు మనుషుల భుజాల మీద ఉండడమే నా ఉద్యోగం. తర్వాత మడిచి బీరువాలో పడేస్తారు, ఇంకెవరికైనా సన్మానం తగిలితే దులిపి మళ్ళీ కప్పుతారు. ఒక కవిగారు, ఒక కార్పొరేటరు, ఒక జ్యోతిష్కుడు నన్ను కప్పుకుని ఒకేరకంగా సిగ్గు నటించారు. వాళ్ళలో ఏ ఒక్కరి మీదా నాకు గౌరవం లేదు.

చివరికి కాకినాడలో అనంతపద్మనాభం గారి బీరువాకి చేరాను. ఆయన ఒక సాంస్కృతిక సంఘానికి కార్యదర్శి. సంఘమంటే ఆయనా, ఒక బ్యానరూ. ఒక సాయంత్రం ఎవరో రైసుమిల్లు యజమానికి కప్పాలని నన్ను తీసి సోఫా మీద పెట్టారు.

అప్పుడే వాళ్ళ కుక్క పెసర వీధిలోంచి కుంటుకుంటూ వచ్చింది. సీసాపెంకు దిగి ముందుకాలి అడుగు చీరుకుపోయింది. నెత్తురు ధారగా కారుతోంది. ఆయన భార్య విశాలాక్షి గారు చేతికందిన నన్ను లాగి, మడతపెట్టి గాయం మీద అదిమారు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! అది సభకే!" అని కేకేశారు ఆయన.

కుక్క పోతుందని ఆవిడ భయం, శాలువా పోతుందని ఆయన భయం. ఆయన గబగబా తువ్వాలు తెచ్చి, నన్ను ఊడలాగి దాన్ని అదిమారు. గడ్డకట్టబోతున్న నెత్తురు కాస్తా నాతోపాటే ఊడి వచ్చి, గాయంలోంచి మళ్ళీ ధార ఉబికింది. ఇంతలో పక్కింటి సుభద్రమ్మ గారు డబ్బాతో దిగారు.

"కాఫీపొడి అద్దండి, ఇట్టే ఆగిపోద్ది."

అద్దడానికి తువ్వాలు ఎత్తారు. పొడి నెత్తుట్లో కొట్టుకుపోయింది. ఆగిందేమో చూద్దామని ఆయన ఇంకోసారి ఎత్తారు. మనుషులకి ఇదొక జబ్బు. ఎత్తి చూడకపోతే ప్రాణం ఒప్పదు, ఎత్తి చూడబట్టే ఆగడం లేదని బుర్రకెక్కదు. పెసర చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. అది తల వాల్చేసింది.

"ఇంకోసారి దీని మీద చెయ్యేశారంటే ఊరుకోను. ఆటో పిలవండి," అన్నారు విశాలాక్షి గారు. ఆ ఇంట్లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నన్నే మళ్ళీ మడిచి గాయం మీద అదిమారు. నేను తడిసిపోతే నన్ను తియ్యలేదు, నా మీదే తువ్వాలు వేసి రెండు చేతులా బిగించి పట్టారు. ఆటో గుంతల్లో ఎగిరెగిరి పడినా ఆ పట్టు సడలలేదు. ఆయన మాత్రం దారంతా ఫోనులో "శాలువాకి చిన్న ఇబ్బందొచ్చిందండీ" అని ఎవరికో సంజాయిషీ చెబుతూనే ఉన్నారు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు నన్ను కత్తెరతో కోసి తీసి బుట్టలో పడేశాడు. కాలికి కుట్లు వేసి, కట్టు కట్టాక తలెత్తాడు.

"ఎవరండీ పట్టుకున్నది? వదలకుండా నొక్కి ఉంచబట్టి బతికింది."

అనంతపద్మనాభం గారు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు. "మేమేనండీ. ఇలాంటప్పుడు కంగారు పడకూడదని నేను ముందే..."

వేదిక మీది గొంతే. బుట్టలో ఉన్నా నాకు ఒళ్ళు మండింది. విశాలాక్షి గారి వేళ్ళు కొంకర్లు పోయి, విప్పుకోవడం లేదు. పెసర మెల్లగా ఆ వేళ్ళనే నాకుతోంది.

"అమ్మా, ఆ చెయ్యి ఇలా ఇవ్వండి," అని డాక్టరు వేడినీళ్ళలో పిండిన గుడ్డ ఆవిడ చేతికి చుట్టాడు. ఆయన ప్రసంగం వినేవాళ్ళు లేక ఆగిపోయింది.

"మరి నే బయల్దేరతానే. సభకి టైమైపోతోంది," అన్నారు ఆయన, గడియారం చూసుకుంటూ.

"వెళ్ళండి," అన్నారావిడ, కుక్క మీంచి చూపు తిప్పకుండా. "ఇంటి తాళం మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళండి."