జారానన్న నింద

నేను ఒక చెక్కముక్కను. జానకు ఎక్కువ, మూరకు తక్కువ. ఒకవైపు మందం, ఇంకోవైపు పలచన. బండి వెనక్కి దొర్లకుండా చక్రం కింద పెడతారే, అదే నేను. నరసాపురంలో ఒక వడ్రంగి ఎడ్లబండి చక్రం చెయ్యగా మిగిలిన నల్లతుమ్మ దుంగలోంచి నన్ను చెక్కి, టాక్సీ జీపు తోలే వీర్రాజుకు ఊరికే ఇచ్చాడు. ఊరికే వచ్చిన వస్తువు మీద నింద వెయ్యడం మనుషులకు మరీ తేలిక.

నా గోడు తెలియాలంటే గోదారి మీద పంటు సంగతి ముందు చెప్పాలి. జీపులూ మనుషులూ మేకలూ అన్నీ కలిసి ఏరు దాటే పెద్ద బల్లకట్టు అది. వీర్రాజుకు కొత్తగా పెళ్ళయిన రోజులు. పెళ్ళాం నాగరత్నాన్ని అంతర్వేది తీసుకెళ్తున్నాడు. జీపు పంటు ఎక్కింది. దాని హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది. వీర్రాజు నన్ను చేత్తో పట్టుకుని దిగబోతుంటే, జనమంతా గోదారమ్మకు దండం పెట్టి చిల్లర విసురుతూ కనిపించారు. ఇతగాడికీ భక్తి పొంగింది. నన్ను సీటు మీద పడేసి, జేబు తడుముకుంటూ అంచుకు పరిగెత్తాడు. ఇంతలో గాలికి పంటు ఒరిగింది. జీపు వెనక్కి దొర్లి, అక్కడ నిలబడ్డ నాగరత్నం కాలిని ఇనప కమ్మీకేసి నొక్కేసింది.

ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. జనం మూగేలోగా వీర్రాజు నన్ను సీటు మీంచి తీసి చక్రం పక్కన జారవిడిచాడు. "చెక్క జారిపోయిందండీ" అన్నాడు. అంతే. ఇరవై రెండేళ్ళుగా నేను జారిపోయిన చెక్కను. నాగరత్నం ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి.

నన్ను పారేస్తాడనుకున్నాను. పారెయ్యలేదు. మస్కట్‌లో స్కూలు బస్సు తోలే పని దొరికితే, పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని మరీ తెచ్చుకున్నాడు. ఎందుకో అతనికీ తెలియదేమో. తరవాత నాగరత్నం కూడా వచ్చి ఒక ఆసుపత్రి వంటింట్లో చేరింది. కొన్నేళ్ళకు పాత వ్యాను కొనుక్కున్నారు. అప్పట్నుంచీ నా కాపరం డ్రైవరు సీటు కింద.

ఈ మధ్య సాయంత్రమైతే చాలు, ఇద్దరూ వ్యానులోనే కూర్చుని ప్రయాణం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "ఊళ్ళోవాళ్ళ పిల్లలందర్నీ తిప్పారు. నన్నెక్కడికి తిప్పారు?" అని నాగరత్నం దెప్పింది. దాంతో మొదలైంది. ఎమిరేట్స్ దాటి, సౌదీ అంచు తొక్కుకుంటూ, ఖతార్‌లో ఆమె చెల్లెలి దగ్గరికి వెళ్ళాలి. వచ్చేటప్పుడు ఖసబ్ రేవులో వ్యానుతో సహా మస్కట్ వచ్చే ఓడెక్కాలి. పాత క్యాలెండరు కాగితం వెనక ఆమె దారి గీసింది. ఏ సరిహద్దులో ఏ కాగితం చూపించాలి, బండికి మళ్ళీ ఎక్కడ ఇన్సూరెన్సు చేయించాలి, ఆవకాయ సీసాను ఎవరు ఆపుతారు, అన్నీ రాసింది. నేలను ముక్కలు చేసుకున్నదీ మనుషులే, ఆ గీతలు దాటడానికి ఇంత హైరానా పడేదీ వాళ్ళే.

ఓడ మాట వచ్చేసరికి మాత్రం వీర్రాజు అడ్డుపడేవాడు.

"రోడ్డుంది కదే. వెళ్ళిన దారినే వచ్చేద్దాం."

"అంత పెద్ద ఓడంటండీ. ఒక్కసారి ఎక్కాలని ఉంది నాకు."

"సముద్రమే అది. గోదారి కాదు."

"గోదాట్లో జరిగింది తల్చుకుని బెంగెట్టుకుంటారేంటి? చెక్క జారిపోతే మీరేం చేస్తారు?"

ఆ మాటకు సీటు కింద నాకు వణుకు పుట్టింది. నీళ్ళంటే కాదు అతనికి భయం. ఓడలో నన్ను మళ్ళీ చేతిలోకి తీసుకోవాలి, ఆమె చూస్తూ ఉంటుంది. అదీ భయం. నా భయం వేరు. ఆ ఒరుగులో, ఆ కంగారులో, ఇతను నన్ను మళ్ళీ మరిచిపోతాడు. ఈసారి కాలితో పోకపోవచ్చు. అప్పుడు కూడా నేనే జారాననే అంటాడు. నోరులేనిదాన్ని, కాదని ఎలా చెప్పను? రోజూ సాయంత్రం తలుపు చప్పుడైతే చాలు, గుండెలు అదిరేవి.

వాంతులవుతాయన్నాడు. గాలివాన రోజులన్నాడు. వ్యాను పాతది, ఓడవాళ్ళు ఎక్కించుకోరన్నాడు. ఏదీ సాగలేదు. ఒకనాడు ఆమె టిక్కెట్లకోసం ఫోను తీసింది. వీర్రాజు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రత్నం, ఆ రోజు చెక్క జారలేదే. నేను పెట్టలేదు. సీటు మీదే ఉంది. నేనే తీసి కిందపడేశాను."

ఆమె క్యాలెండరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. కాలు ఈడ్చుకుంటూ దిగి వెళ్ళిపోయింది.

రెండు రోజులు వ్యాను దగ్గరికి ఎవరూ రాలేదు. నా మీద నింద పోయింది, సంతోషించాలి కదా. సంతోషం లేదు. నిన్నటిదాకా ఉత్త చెక్కను, ఇప్పుడు అతని అబద్ధానికి సాక్ష్యాన్ని. అలాంటివాటిని మనుషులు ముందు పొయ్యిలో పెడతారు. ఆగింది ప్రయాణమో కాపరమో తెలియక, ప్రతి అడుగు చప్పుడుకూ బిగుసుకుపోతూ పడున్నాను.

మూడోనాడు పొద్దున్నే నాగరత్నం వచ్చింది. వెనకాలే వీర్రాజు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. వాళ్ళుండేది కొండవాలు వీధి. ఆమె కష్టపడి కింద కూర్చుని, నన్ను వెనక చక్రం కింద దూర్చి, అరచేత్తో కొట్టి చూసింది.

"ఓడలోనే వెళ్దాం. చెక్క మాత్రం నేనే పెడతాను" అంది. "ఇప్పుడు మీరెళ్ళి బండి వెనకాల నిలబడండి."

వీర్రాజు వెళ్ళి నిలబడ్డాడు. ఆమె డ్రైవరు సీటెక్కి హ్యాండ్ బ్రేకు దించింది. బండి బరువంతా ఒక్కసారిగా నా మీదికి వచ్చింది. కిర్రుమన్నాను. వేలెడంత వెనక్కి జరిగి, బలమంతా కూడదీసుకుని ఆగాను. నాకు బెత్తెడు దూరంలోనే వీర్రాజు పాదాలు.

"ఎలా ఉందండీ?" ఆమె పక్క అద్దంలో చూస్తూ అడిగింది.

"భయమేస్తుందే."

"అలాగే నిలబడండి."