బటన్ లేని పియానో

చెన్నై వ్యాసర్పాడి గూడ్స్ షెడ్డులో దించిన సిమెంటు మూట మీదే ఆరోగ్యసామి వేళ్లు ఆడిస్తున్నాడు. రేపటి పాటలకు కావలసిన, ఇంకా చేతికి రాని కార్డులు, మూడేసి స్వరాల కట్టలు: డి, జి, ఏ. యాభై ఎనిమిదేళ్ల మనిషి, కాయలు కాచిన చేతులు, ఒక వేలికి ప్లాస్టరు. ముప్ఫై ఏళ్లుగా తెలుగు చర్చిలో ఆదివారం కీబోర్డు ఆయనదే. లోకంలో ఆయన్ను పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టే చోటు అదొక్కటే. రేపు అదీ ఉంటుందో ఊడుతుందో.

ఆయనకు వచ్చింది సి మేజర్ ఒక్కటే. అన్నీ తెల్ల మెట్లే. జనం ఎంత పైకి పాడినా బటన్ నొక్కితే కీబోర్డే శ్రుతి మార్చుకునేది, ఆయన చేతులు ఉన్నచోటే ఉండేవి. అదే సంగీతమనుకున్నాడు, పిచ్చి మారాజు. పోయిన వారం ఆ కీబోర్డు కాలిపోయింది. ఎవరో పాత పియానో దానమిచ్చారు. దానికి బటన్ లేదు. రేపటి పాటలన్నీ డి మేజర్.

సాయంత్రం చర్చిలో, పాటలు నేర్పే మైత్రి పక్కన కూర్చుంది.

“ఏడు స్వరాలకు ఏడు కార్డులు అంకుల్. ఒకటి, నాలుగు, అయిదు మేజర్. రెండు, మూడు, ఆరు మైనర్. ఏడోదాని జోలికి ఇప్పుడు పోవద్దు. మేజర్ స్కేలు ఏదైనా ఇదే వరస. డిలో ఎఫ్, సి మాత్రం నల్ల మెట్ల మీదికి పోతాయి.”

“అంటే ఆడుండే ఇల్లే ఈడా కట్టినారు. అంతేనామ్మా?”

“అంతే అంకుల్.”

అర్థమైంది. ఆ సంతోషం రెండు నిమిషాలు నిలవలేదు. ఇంత చిన్న సంగతి తెలియకుండానా ముప్ఫై ఏళ్లు అందరి ముందూ కూర్చున్నానని సిగ్గుతో చితికిపోయాడు. వాయించబోతే వేలు అలవాటుగా తెల్ల ఎఫ్ మీదే పడింది. డి మేజర్ కాస్తా డి మైనరై, స్తుతి పాట చావు పాటలా వినిపించింది. పదిసార్లు వాయించాడు. పదిసార్లూ అంతే.

“నాకు తెలిసిందమ్మా. చేతులకే తెలియలే. రేపు నువ్వే కూర్చో.”

“వచ్చే వారానికి వచ్చేస్తుంది, ఉండండి.”

“సరి, సరి” అంటూ ఆయన చెప్పులేసుకున్నాడు. చర్చి మెట్లు దిగుతూ షెడ్డు మేస్త్రీకి ఫోన్ చేసి, రేపు ఆదివారం లోడుకు తానూ వస్తానన్నాడు. అలా అనడం ముప్ఫై ఏళ్లలో ఇదే మొదలు. మేస్త్రీ నమ్మకపోవడంతో ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మైత్రి పియానో మూత వేయబోయి ఆగింది. తను నీళ్లకు వెళ్లినప్పుడు అంటించినట్టున్నాడు: రెండు నల్ల మెట్ల మీద, వేలి గాయం నుంచి పీకిన ప్లాస్టరు ముక్కలు, వాటి మీద బాల్‌పెన్నుతో వంకర టింకరగా ఎఫ్, సి.