ముందు కాచే పొట్లం

మాట పడితే మరచిపోయే మనిషి కాదు జోవ్ యూతాంగ్. గాన్ నది ఒడ్డున జాంగ్‌షు ఊళ్ళో, మూలికల దుకాణం కౌంటరు వెనక నలభై ఏళ్ళుగా నిలబడి మందులు తూచి పొట్లాలు కడుతున్నాడు. మూడు వందల సొరుగుల్లో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. తమ్ముడు యూమిన్ చేసిన పని కూడా అలాగే ఒక సొరుగులో పెట్టి దాచుకున్నాడు.

పదిహేడేళ్ళ కిందట, పాతవన్నీ తగలెయ్యాలంటూ కుర్రమూకలు వీధుల్లో తిరిగిన రోజుల్లో, దూలం మీద దాచిన తండ్రి చేతిరాత వైద్యపుస్తకాన్ని ఆ తమ్ముడే దించి మంటలో పడేశాడు. ఎందుకు చేశాడో చెప్పబోతే అన్న వినలేదు. ఆనాటి నుంచి మాటల్లేవు. ఇద్దరి ఇళ్ళూ ఒకే సందులో, మధ్యలో ఆరు గుమ్మాలు. ఎదురుపడితే ఒకడు గోడవైపు, ఒకడు కాలవవైపు చూసేవాడు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

ఆ రోజు మధ్యాహ్నం తమ్ముడి భార్య ల్యెన్‌శ్యాంగ్ మందుచీటీ తెచ్చి కౌంటరు మీద పెట్టింది. నాభి దుంప, శొంఠి, అతిమధురం. చీటీ చూస్తేనే యూతాంగ్‌కి రోగం తెలిసిపోయింది. తమ్ముడి గుండె అలిసిపోతోంది, కాళ్ళు చల్లబడి నీరు పడుతున్నాయి. యూతాంగ్ మనసు కలుక్కుమంది. కలుక్కుమన్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"బాగున్నారా బావగారూ?" అందామె.

అతను మొహం తిప్పుకుని సొరుగులు లాగాడు. త్రాసు పట్టుకుని తూచాడు.

నాభి విషం. విడిగా గంటసేపు మరిగితేనే మందు అవుతుంది. అందుకే దాన్ని వేరే చిన్న పొట్లం కట్టి, కొన్నవాళ్ళ మొహంలోకి చూసి, "ముందు ఇదొక్కటే గంటసేపు కాచాలి" అని నోటితో చెప్పి, వాళ్ళచేత తిరిగి చెప్పించుకోవాలి. కౌంటరు ఎక్కినవాడికి మొదటి రోజు నేర్పే పద్ధతి అది. నలభై ఏళ్ళలో యూతాంగ్ ఒక్కనాడూ తప్పలేదు.

ఆ రోజు నోరు పెగల్లేదు. ఆ ఇంటివాళ్ళతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న నోరది. కుంచె తీసి, చిన్న పొట్లం కట్టే కాగితం మీద ఆ మాటే రాసి, వేలితో తట్టి చూపించి ముందుకు తోశాడు.

ల్యెన్‌శ్యాంగ్ ఆ రాత వంక చూసింది. ఆమెకి చదువు రాదు. ఆ సంగతి అతనికి తెలుసు.

"ఇది ఆయనకేనా?" అంది.

తమ్ముడు చదువుకున్నవాడే కదా అని తలూపాడు. ఆమె మొహం విప్పారింది. ఎందుకో అతను ఆలోచించలేదు. నా పని నేను చేశానని సమాధానపడి సొరుగు మూసేశాడు.

మర్నాడు పొద్దున దుకాణానికి బయల్దేరాడు. సందు మొగలో తడి ఆరని మందుపిప్పి పోసి ఉంది. నలుగురూ తొక్కుకుపోతే రోగం వాళ్ళ కాళ్ళతో పోతుందని ఊరంతా అలాగే పోస్తారు. పిప్పి చూస్తే ఆగకుండా పోలేడు యూతాంగ్. కర్రతో కెలికాడు. నాభి ముక్క ఒకటి తీసి విరిచాడు. లోపల సరిగా ఉడకక తెల్లగా ఉంది. నాలుకకి ఆనించేసరికి చురుక్కుమని మొద్దుబారింది.

ఆ నెలలో నాభి కొన్నది ఒక్క ఇంటివాళ్ళే. కర్ర అక్కడే పారేసి పరిగెత్తాడు. పదిహేడేళ్ళుగా తొక్కని గుమ్మం తొక్కాడు.

"వచ్చారా బావగారూ? ఇప్పుడే కబురు పెడదామనుకుంటున్నా," అంది ల్యెన్‌శ్యాంగ్. "రాత్రి ఒకసారి తాగారు, తెల్లారి ఇంకోసారి ఇచ్చాను. అప్పట్నుంచి ఒకటే వాంతులు. పెదాలు తిమ్మిరి అన్నారు, ఇప్పుడు మాటే రావట్లేదు."

"పెసలున్నాయా? అతిమధురం వేసి కాచు, తొందరగా," అన్నాడు. నాభికి విరుగుడది. పదిహేడేళ్ళకి ఆ ఇంట్లో అతని మొదటి మాట కూడా అదే.

మంచం పక్కన కూర్చుని తమ్ముడి మణికట్టు మీద మూడు వేళ్ళూ పెట్టాడు. నాడి పిచ్చుక గింజలేరినట్టు నాలుగు కొట్టి ఆగుతోంది. అలాంటి నాడి చూశాక ఏ వైద్యుడూ చీటీ రాయడు. యూమిన్ కళ్ళు తెరిచి అన్నని చూసి గుర్తుపట్టాడు. ఏదో చెప్పబోయాడు. ఇన్నేళ్ళకి వినేవాడు దొరికితే చెప్పడానికి నాలుక తిరగలేదు.

"తర్వాత చెబుదువుగానిలేరా," అన్నాడు యూతాంగ్. అన్నాక ఏడుపొచ్చింది.

పొరుగువాళ్ళు తోపుడుబండి తెచ్చారు. ఆస్పత్రి దారి సగం కూడా సాగలేదు. బండిని వెనక్కి తిప్పుకొచ్చారు.

"గుండె నిలవదని వైద్యుడు ముందే చెప్పాడు," అని ల్యెన్‌శ్యాంగ్ వచ్చినవాళ్ళందరితో అంది. అందరూ అవునన్నారు. కాస్త ఖాళీ చిక్కాక దిండు కింద నుంచి మడతపెట్టిన కాగితం తీసింది.

"మందంతా ఒకేసారి కుండలో పోసి, కాగితం మటుకు జాగ్రత్తగా తీసిపెట్టాను బావగారూ. మీ అన్న ఉత్తరం రాశాడని చెబితే ఎంత సంబరపడ్డారో. చదవండి మరి అన్నాను. పదిహేడేళ్ళకి రాశాడే, పడుకుని చదవకూడదు, రేపు లేచి మొహం కడుక్కుని చదువుతానన్నారు." కాగితం అతని చేతికిచ్చింది. "ఏం రాశారో వినిపించండి. నాకైనా తెలియాలి కదా."

యూతాంగ్ మడత విప్పాడు. ముందు ఇదొక్కటే గంటసేపు కాచాలి. అంతే ఉంది అందులో. నిజం చెబితే, కలిపి కాచిన పాపం తనదేనని ఈమె బతికినన్నాళ్ళూ కుమిలిపోతుంది. అది జాలి. చెబితే, నోటితో ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. అది భయం. రెండింట్లో భయమే పెద్దది.

"తమ్ముడూ," అని చదివాడు. "జరిగిందేదో జరిగింది. కాస్త నెమ్మదించాక ఇంటికి రా. కలిసి భోంచేద్దాం."

ల్యెన్‌శ్యాంగ్ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. కాగితం అందుకుని మళ్ళీ మడిచి, భర్త చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టింది.

"మీ చేతి మందు తాగి, మీ మాట దిండు కింద పెట్టుకుని పోయారు," అంది. "మీ రుణం తీర్చుకోలేను బావగారూ." వంగి అతనికి దండం పెట్టింది.

వద్దనడానికి యూతాంగ్‌కి నోరు రాలేదు.