చూపుకు పెట్టిన గిర్ని

ఖానాపూర్‌లో మక్కలు, జొన్నలు, పసుపు కొని అమ్మి బతికినవాణ్ని. సంచి చూసి కాదు, గుప్పెడు గింజలు చేతిలోకి తీసుకుని ధర చెప్తాను. అలాంటి నాకు సొంత బిడ్డకు ఏం కొనాలో తేలక వారం రోజులు తిండి సహించలేదు.

బిడ్డ నవ్యశ్రీ వాళ్లు కరీంనగర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం నాడు తల్లిగారింటి తరఫున ఒడి బియ్యం పోయాలి, దానితో పాటు ఏదైనా వస్తువు పెట్టాలి. వేరేవాళ్లైతే బీరువా పెట్టి చేతులు దులుపుకునేవాణ్ని. మా బిడ్డ సంగతి వేరు. దానికి గోధుమ పడదు. గోధుమ, మైదా, రవ్వ, ఏది చిటికెడు కడుపులోకి పోయినా మంచాన పడుతుంది. అందులో ఉండే గ్లూటెన్ పడదని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి జొన్నపిండితో కేకులు, రాగిపిండితో బిస్కట్లు ఇంట్లోనే చేసుకుంటుంది. తనలాంటి రోగమే ఉన్నవాళ్లు అడిగితే వాళ్లకూ చేసి ఇస్తుంది.

అయితే అదే వంటింట్లో దాని అత్త యాదవ్వ పూటపూటా చపాతీలు ఒత్తుతుంది. పిండి ఎగిరి గిన్నెల మీద, గట్టు మీద పడుతుంది. "మా కాలంల ఎవ్వలకున్నది గీ రోగం? అన్ని నఖరాలు" అని ఆమె మాట. కొత్త ఇంట్లోనైనా గోధుమపిండి వేరే చోట పెడదామని అల్లుడు సంపత్ అంటే, "నా ఇంట్ల నేను దొంగలెక్క చపాతి చేస్కోవాల్నా?" అన్నదట. ఇక అక్కడ కూడా బిడ్డ మంచం పట్టడమే అని నా భార్య కమలవ్వ ఒకటే నస.

నిర్మల్ బజారంతా తిరిగాను. ఒక దుకాణంలో ఓట్స్ బిస్కట్లు పేర్చిన బుట్ట చూపించారు. డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదివితే గోధుమపిండి ఉంది. కేకు గిన్నెలు చూశాను, బిడ్డ దగ్గర ఉన్నవే అలమారలో పట్టవు. కమలవ్వేమో వాళ్లవ్వ ఇచ్చిన టేకు పీట, చపాతీ కర్ర పెడదామంది. ఫోన్ చేస్తే నవ్యశ్రీ వద్దంది.

"కట్టె సందులల్ల పాతపిండి ఉంటది అవ్వా, ఎంత కడిగినా పోదు. బాపూ, నాకేం వద్దు. తెస్తనే ఉంటనంటే కొత్తది తే. ఎవ్వలు వాడనిది."

అప్పుడు తట్టింది. బయట పిండి గిర్నిలో జొన్నలు పట్టిస్తే, అంతకుముందు ఎవరో పట్టించిన గోధుమపిండి అందులో కలుస్తుంది. అందుకే బిడ్డ మిక్సీలో కొంచెం కొంచెం వేసుకుని తిప్పలు పడుతుంది. ఇంట్లో పెట్టుకునే చిన్న కరెంటు గిర్ని ఒకటి కొనిస్తే సరి.

మా ఊరి హనుమండ్లు దుకాణంలో రెండున్నాయి. ఒకటి డబ్బా విప్పనిది. ఇంకొకటి అద్దం దగ్గర చూపుకు పెట్టింది. చూపుకు పెట్టినదానికి ధర బాగా తగ్గించాడు. "ఇది గూడ కొత్తదే అన్నా. గ్యారంటీ ఉన్నది. జర ఎండ తాకింది, గంతే." నా లెక్కలో అమ్ముడుపోని సరుకంతా కొత్త సరుకే. ఇంకొంత బేరమాడి, పైన కప్పే గుడ్డ ఊరికే అడిగి తీసుకుని బండిలో వేయించాను. ఆ రోజు నిద్ర బాగా పట్టింది.

గృహప్రవేశం నాడు పొద్దున్నే కిరాయి కారులో బయలుదేరాం. జగిత్యాలలో చాయ్‌కి ఆగినప్పుడు, డిక్కీలో జరిగిపోయిన ఒడి బియ్యం సంచి సర్దుతూ కమలవ్వ పిలిచింది.

"గిదేందయ్యా, కొంగుకు తెల్లగ అంటింది?"

గిర్ని మూత తీసి లోపల వేలు పెట్టాను. రాయి పక్కన సందులో పొడి. నాలుకకు రాసుకున్నాను. గుప్పెడు గింజలిస్తే ఏ ఊరి చేనో చెప్పేవాణ్ని, అది ఏం పిండో చెప్పలేకపోయాను.

హనుమండ్లుకు ఫోన్ చేశాను. "నడుస్తదో లేదో చూపెడదామని జరంత పట్టినం అన్నా. బియ్యమే."

అడగ్గానే వచ్చింది జవాబు. అంత తొందరగా వచ్చే జవాబు నాకు బాగా తెలుసు. ఇవి కొత్త మక్కలేనా అని ఎవరైనా అడిగితే నేనూ అంతే తొందరగా చెప్తాను.

"దులిపితే పోదా?" అన్నది కమలవ్వ.

"నీ టేకు పీటలకెల్లి పోనిది, రాయిలకెల్లి పోతదా?"

వెనక్కి పోయి మార్చుకొద్దామంటే ముహూర్తం దాటుతుంది. అక్కడినుంచి కరీంనగర్ దాకా కుదురుగా కూర్చోలేదు. అద్దం దించాను, ఎక్కించాను. చెప్తే వియ్యంకుల ముందు పరువు పోతుంది. చెప్పకపోతే... బియ్యమే కావచ్చు. కాకపోతే? బియ్యమైతే నాకు లాభం, గోధుమైతే నష్టం బిడ్డకు. లాభం ఒకరిది, నష్టం ఇంకొకరిదైన బేరాలు నేను చాలా చేశాను. ఈ బేరంలో అవతలున్నది నా బిడ్డ.

"సేట్, కడుపుల నొస్తుందా?" అన్నాడు డ్రైవర్.

ఒడి బియ్యం పోయడం అయింది. ఇంటి నిండా చుట్టాలు. సంపత్ గిర్నిని మోసుకొచ్చి హాలు మధ్యలో పెట్టాడు. యాదవ్వ పసుపుకొమ్ము దారం తెచ్చి దానికి కట్టి బొట్టు పెట్టింది. నవ్యశ్రీ కడిగి ఆరబెట్టుకున్న జొన్నలు గిన్నెలో తెచ్చింది. దాని మొహం వెలిగిపోతోంది.

"బాపూ, ఇగ మిక్సీ బాధ పోయింది. కొత్తదే గద?"

యాదవ్వ గిన్నె అందుకుంది. "మొదటి గుప్పెడు నేనే పోస్త."

"ఆగక్కా!" అన్నాను. నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది గొంతు. "గిది చూపుకు పెట్టిన గిర్ని. అగ్గువకు వస్తుందని తెచ్చిన. ఇందుల ఏం పట్టిండ్రో నాకెరుక లేదు. బిడ్డా, నువ్వు ముట్టకు."

నవ్యశ్రీ అడుగు వెనక్కి వేసింది. చుట్టాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఒడి బియ్యంతోని పెట్టింది మల్ల తీసుకపోతరా అన్నా?" అన్నది యాదవ్వ. "ఎన్నడన్న చూసినమా? గింతంత పిండి. దులిపితే పోతది."

"పోతదంటే నేనే దులిపి, నోరు మూసుకొని ఇస్తుంటి. నా సంగతి నీకెరుక లేదా? పెండ్లిల బస్సు కిరాయికాడ తెల్లారేదాక కొట్లాడినోన్ని. పోనిదానికే చెప్తున్న."

"గా కొట్లాట నేనింక మరువలే" అన్నది. ఎవరూ నవ్వలేదు. ఆమె నన్ను ఎగాదిగా చూసింది, సరుకు మీద నేను చూసినట్టే. తర్వాత కోడలి వైపు చూసింది. అది చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"గింతంతకే గంత ఖరాబైతదా?" అని మెల్లగా అడిగింది.

"అయితది అత్తమ్మా."

"మరి గట్ల నోరిప్పి చెప్పద్దా?"

"చెప్పిన."

యాదవ్వ జొన్నల గిన్నె కోడలి చేతికిచ్చి, కొడుకును పిలిచింది. "సంపతూ, గీ గిర్ని ఎనుక వరండాల పెట్టు. పెట్టిన వస్తువ తిరిగి పోవద్దు. నా గోధుమలు గందులనే పట్టుకుంట. నా పీట, కర్ర, చిన్న పొయ్యి గూడ గక్కడికే తీస్కపో."

తర్వాత నా వైపు తిరిగింది. "అన్నా, కోడలికి డబ్బ విప్పనిది తెస్తవా, మల్ల బేరం చేస్తవా?"

భోజనం చేయకుండానే సంపత్‌ను తీసుకుని బజారుకు పోయాను. దుకాణదారు మొదట చూపుకు పెట్టినదే చూపించాడు, ధర తగ్గిస్తానన్నాడు. నాలుక కదిలింది, ఒప్పుకుంటాను. సీలు ఉన్న డబ్బాయే తెచ్చి అందరి ముందు విప్పాను.

"బిడ్డకు గిర్ని పెట్టుమంటే వియ్యపురాలికి పెట్టినవు" అని కమలవ్వ నా చెవిలో అన్నది. లెక్క ప్రకారం నిజమే.

సాయంత్రం నవ్యశ్రీ జొన్నలు పట్టి కేకు పెట్టింది. యాదవ్వ వెనుక వరండాలో చపాతీలు చేసుకుని, పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంటోంది. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను.

"ఏంది అన్నా, సబ్బు గూడ నువ్వే పెడ్తవా?" అని, తడి చేతులు విదిలించుకుని వంటింట్లోకి పోయింది.