వెనక చక్రాలు

"ఈ బండి వెనక భాగం జారి పిల్లని నదిలో పారేస్తుంది, చూస్తూ ఉండు," అంది భార్య రాగ్న్‌ఫ్రిడ్ షెడ్డు గుమ్మంలో నిలబడి.

తోర్గైర్ తలెత్తలేదు. కూతురు సిన్నోవె సోమవారం నుంచి కొండ అవతలి ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్లాలి. దారి పొడుగునా ఒకపక్క కొండ, ఒకపక్క నది. అందుకని మంచు మీద జారకుండా మేకులు దిగేసిన టైర్లు కొత్తవి తెచ్చాడు. నాలుగు కాదు, రెండే. వాటిని ముందు చక్రాలకు బిగిస్తున్నాడు. వెనక చక్రాలకు మాత్రం సగం మేకులూడి బోడులైన పాతవే.

"బండిని లాగేవి ముందు చక్రాలు. పట్టు అక్కడుంటే చాలు."

"కొత్తవి వెనక వెయ్యమని టైర్ల కొట్టు కుర్రాడు చెప్పాడుగా?"

"వాడు పుట్టకముందు నుంచి నేను మంచులో తోలుతున్నాను."

మంచులో పుట్టడమే పెద్ద చదువనుకునే మగమహారాజులు ఆ నార్వే లోయలో ఇంటికొకరున్నారు. ఏటా చలికాలంలో వాళ్లని గుంటల్లోంచి బయటికి లాగేది ట్రాక్టరే. వాళ్లు ఒళ్లు దులుపుకొని, కాఫీ తాగుతూ, తప్పంతా రోడ్డుదని తేలుస్తారు.

"అంత ధీమా అయితే చర్చి మలుపు దాకా నువ్వే తోలు. పక్కన నేను కూర్చుంటా," అంది రాగ్న్‌ఫ్రిడ్.

"నేనూ వస్తా. అమ్మ కేకలు వినకపోతే నాకు పొద్దుపోదు," అంటూ సిన్నోవె వెనక సీట్లో దూరింది.

ఎగువకు బండి చక్కగా లాగింది.

"చూశావా?" అన్నాడు తోర్గైర్.

"దిగేటప్పుడు చూస్తాలే," అంది రాగ్న్‌ఫ్రిడ్. తలుపు పిడిని ఆమె రెండు చేతులతో పట్టుకునే ఉంది.

దిగువన, చర్చి మలుపులో, రోడ్డు మీద మంచు గట్టిపడి నీలంగా ఉంది. తోర్గైర్ యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త తీశాడు. ముందు చక్రాలు రోడ్డుని కరిచి పట్టుకున్నాయి. వెనకవి పట్టుకోలేదు. బండి గిర్రున తిరిగి, వెనక్కి వెళ్లి మంచుగట్టులో కూరుకుపోయింది. గట్టుకి అవతల నది.

"పెద్ద అనుభవం!" అంది రాగ్న్‌ఫ్రిడ్. "గట్టు లేకపోతే ఆ అనుభవంతోటే ఈదుకుంటూ వచ్చేవాడివి."

సిన్నోవె ఈసారి వేళాకోళమాడలేదు.

"నాన్నా, సోమవారం నేను దీంట్లోనే వెళ్లాలా?"

తోర్గైర్ స్టీరింగు వదల్లేదు. మంచు తోసే లారీ పక్కనుంచి వెళుతూ హారన్ కొట్టింది. ఆయన అటు చూడలేదు. అద్దాలన్నీ ఊపిరి ఆవిరితో మసకబారిపోయాయి.

"వద్దు," అన్నాడు చివరికి. "బస్సులో వెళ్లు. ఇంకో రెండు కొత్తవి తెచ్చి వెనక వేసేదాకా దీన్ని ముట్టుకోకు."